పుట్టింటి మీద దండయాత్ర

ఆ ఉదయం బావమరిది చెయ్యాల్సిన పని రెండంటే రెండు నొక్కుళ్ళు. పది గంటలకి ఒకటి, పదిన్నరకి ఇంకొకటి. ఆ రెండూ అయ్యాక ట్యాబు మూసి సంచిలో పడేసి, ఆపరేషన్ థియేటరు తలుపు వైపు చూస్తూ కూర్చోవడమే. ఇంత చిన్న పనికి ఇంత రామాయణం దేనికని అడిగేవాళ్ళకి, ఆ మనిషి ఇరవై ఏడేళ్ళుగా ఏ ఉద్యోగం వెలగబెడుతున్నాడో తెలియదన్నమాట.

ఉద్యోగం సంగతి తర్వాత. ముందు బావ సంగతి. ఆయనకి అరవై ఒకటి. కడుపులో గడ్డ. "తెరిచి చూస్తేగాని ఏమీ చెప్పలేం" అన్నాడు డాక్టరు. తెరిచే ముహూర్తం తొమ్మిది గంటలకి. ఆయనకి ఆకుపచ్చ గౌను తొడిగి స్ట్రెచర్ ఎక్కమంటే చెప్పులతో సహా ఎక్కబోయాడు. నర్సు కేక వేసింది. ముప్పై ఏళ్ళు అదే కేక అక్క వేసిందని బావమరిదికి గుర్తొచ్చింది. ఆ చెప్పులు తనే విప్పి సంచిలో పెట్టాడు.

అలాంటి వేళ మనుషులు పిల్లల గురించి మాట్లాడతారు, ఇంటి కాగితాల గురించి మాట్లాడతారు. బావ షీల్డు గురించి మాట్లాడాడు.

"ఒరేయ్, ఇలా దగ్గరికి రా. కాగితం మీద రాశాను. నిన్న ఇంట్లో బయల్దేరే హడావిడిలో ఆలస్యంగా వేశాను. పదింటికి నా ఊరు తెరిచి నీలం డాలు గుర్తు నొక్కు. 'సరే'నా అని అడుగుతుంది. 'సరే' నొక్కు. పదిన్నరకి మూలనున్న నా బొమ్మ నొక్కితే అక్క ఊరు వస్తుంది. అక్కడా అంతే. డాలు, సరే."

"అది సరే బావా, నీకెలా ఉంది? భయంగా ఉందా?"

"నా సంగతి కత్తి చూసుకుంటుంది. నువ్వు ఊళ్ళ సంగతి చూడు."

ఊళ్ళంటే నిజం ఊళ్ళు కావు. అదొక ఆన్‌లైన్ ఆట. ఎక్కడెక్కడి జనమో అందులో ఊళ్ళు కట్టుకుంటారు, పొలాలు పండిస్తారు, సైన్యాలు పెంచుతారు, సందు దొరికితే పక్కవాడి ఊరు తగలబెడతారు. అక్కా బావా ఆరేళ్ళ కిందట కలిసి మొదలుపెట్టారు. పక్కపక్కనే స్థలాలు తీసుకున్నారు. అక్క తన ఊరికి 'పుట్టిల్లు' అని పేరు పెట్టింది. బావ ఊరుకుంటాడా? తన ఊరికి 'అత్తారిల్లు' అని పెట్టాడు. సాయంత్రం పూట చెరో కుర్చీలో కూర్చుని, ఒకరి ఊరిని ఒకరు వెక్కిరించుకుంటూ ఆడుకునేవాళ్ళు.

మూడేళ్ళ కిందట అక్క పోయింది. పుట్టిల్లు మిగిలింది.

ఆ ఆటలో ఊరిని ఎవరో ఒకరు రోజూ తెరవకపోతే పాడుబడిపోతుంది. షీల్డు వెయ్యకపోతే ఏ దారినపోయేవాడో వచ్చి నిప్పు పెడతాడు. షీల్డు ఒక్క రోజే ఉంటుంది, గడువు ఆఖరి అరగంటలోకి వస్తేగాని కొత్తది పడదు. అందుకని బావ రోజూ పొద్దున్నే, మొహం కూడా కడక్కుండా, పుట్టిల్లు తెరిచి షీల్డు నొక్కి మూసేసేవాడు. అందులో ఇంకో గుర్తు ముట్టుకునేవాడు కాదు, ఇంకో గది తెరిచేవాడు కాదు. "దాని బీరువా తెరిచినట్టు ఉంటుందిరా" అనేవాడు. నిజం బీరువా కూడా తెరవలేదు. తాళంచెవి ఎక్కడుందో ఆయనొక్కడికే తెలుసు.

ఈ పిచ్చి మీదే కూతురితో చెడింది. ఆ పిల్ల, అంటే బావమరిదికి మేనకోడలు, కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. ఏడాది కిందట ఒకరోజు ఉండబట్టలేక, "అమ్మని ఆ ఆటలోంచి బయటికి రానియ్యి నాన్నా" అంది. "బయట ఎక్కడుందే?" అన్నాడు బావ. ఆ మాట తర్వాత ఇద్దరి మధ్యా మాటలు లేవు. ఇవాళ ఆపరేషన్ అని కబురు వెళ్ళింది. వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు.

స్ట్రెచర్ కదిలేముందు బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నాకేమన్నా అయితే అయింది. నేను లేచేసరికి అది నిలబడి ఉండాలి. నేను లేవకపోయినా నిలబడి ఉండాలి. విన్నావా?"

"విన్నాను బావా. రెండు నొక్కుళ్ళేగా. నా చేతిలో పెట్టావు, ఇక మర్చిపో" అన్నాడు బావమరిది. ఆ మాట అన్నందుకు తర్వాత తన నోటిని తనే చాలాసేపు తిట్టుకున్నాడు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. బావమరిది వాటర్‌వర్క్స్ పంపుహౌసులో కంట్రోలు రూము ఆపరేటరు. గోడంత ప్యానెలు, దాని మీద నూట పన్నెండు దీపాలు. పచ్చగా ఉంటే అంతా కులాసా. ఏ దీపమైనా ఎర్రబడితే దాని కింద మీట నొక్కాలి, అది ఆరేదాకా నొక్కాలి, ఆరాక రిజిస్టరులో టైము వేసి 'గమనించాను' అని రాయాలి. ఎర్రదీపాన్ని టీ తాగొచ్చి చూద్దాంలే అనుకున్నవాడు ఒకడుండేవాడు. మోటారు మునిగింది, మోటారు చూడ్డానికి దిగిన హెల్పరు పోయాడు. అప్పటినుంచి బావమరిది ఎర్రదీపం వెలిగితే అన్నం ముద్ద కూడా నోట్లో పెట్టుకోడు. ఇంకేమీ చాతకాకపోతే ప్యానెలు కుడిచేతి వైపు కింద మూలన పెద్ద గుండ్రటి ఎర్ర బటను ఉంటుంది. దాన్ని రెండుసార్లు నొక్కితే పంపుహౌసు మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి నొక్కాడు. ఆ హెల్పరు పోయిన రోజున.

పది గంటలకి, సెకను అటూ ఇటూ కాకుండా, అత్తారిల్లు తెరిచి డాలు నొక్కాడు. 'సరే' నొక్కాడు. ఊరి చుట్టూ నీలం వెలుగు గొడుగులా పరుచుకుంది. "ఓస్, ఇంతేనా!" అనుకున్నాడు. కాగితం మీద మొదటి లైనుకి ఎదురుగా టిక్కు పెట్టాడు. పదిన్నరకి ఇంకా అరగంట ఉంది. థియేటరు తలుపు మూసే ఉంది. పక్క కుర్చీలో ఒక ముసలాయన ఐసీయూలో ఉన్న భార్య కోసం కూర్చుని తనలో తనే ఏదో లెక్క చెప్పుకుంటున్నాడు. బావమరిదికి ఆ గొణుగుడు వినబుద్ధి కాలేదు. చూపు మళ్ళీ ట్యాబు మీదకి దించాడు. అప్పుడు కనిపించాయి ఎర్రచుక్కలు.

ఈ ఆటలు తయారుచేసేవాళ్ళు ఉన్నారే, మనిషి బలహీనతలన్నీ కాచి వడపోసిన దుర్మార్గులు. ఎక్కడ చెయ్యి పడితే వాళ్ళకి లాభమో అక్కడల్లా ఒక ఎర్రచుక్క అతికిస్తారు. పెట్టె మీద ఒకటి, ఉత్తరాల మీద ఒకటి, పొలం మీద ఒకటి, సైనికశాల మీద ఒకటి. మామూలు మనుషులకి అవి కనపడీ కనపడకుండా పోతాయి. మన బావమరిదికి ఒళ్ళు చల్లబడింది. పద్నాలుగు ఎర్రదీపాలు వెలుగుతున్నాయి, ఆపరేటరు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు!

ఇంకేమీ ముట్టుకోవద్దని కాగితంలో రాయలేదే అనుకున్నాడు. పాపం, రాయాల్సిన అవసరం ఉంటుందని బావకి మాత్రం ఏం తెలుసు?

పెట్టె నొక్కాడు. చుక్క ఆరింది, కానీ గిడ్డంగి మీద రెండు వెలిగాయి. గిడ్డంగి నొక్కితే పొలం మీద మూడు. ఇంత చెత్త వైరింగు తన సర్వీసులో చూడలేదు. అయినా పట్టు విడవలేదు. ఆఖరికి సైనికశాల మిగిలింది. నొక్కితే, "ఇరవై వేల గుర్రాలు ఖాళీగా ఉన్నాయి. పని చెప్పండి" అని వచ్చింది. ఖాళీగా తిరిగే యంత్రాన్ని చూస్తే ఆపరేటరు ప్రాణం ఊరుకోదు. నొక్కాడు. "అతి దగ్గరి ఊరికి పంపమంటారా?" అంది. డాలు, సరే అని కదా బావ చెప్పాడు. 'సరే' నొక్కాడు.

కోట తలుపు తెరుచుకుంది. దుమ్ము రేపుకుంటూ గుర్రాలు బయటికి వచ్చాయి. భలే ముచ్చటగా ఉన్నాయని ఒక నిమిషం చూశాడు. వాటి దారి పొడుగునా ఒక ఎర్రగీత సాగి, పక్కనున్న ఊరి దగ్గర ఆగింది. ఆ ఊరి మీద 'పుట్టిల్లు' అని రాసుంది. కింద అంకెలు తిరుగుతున్నాయి. దాడి, ఇరవై ఏడు నిమిషాల్లో.

టైము పది దాటి ఎనిమిది నిమిషాలు. గుర్రాలు చేరేది పదీ ముప్పై అయిదుకి. పుట్టింటి షీల్డు పోయేది పదిన్నరకి. అప్పటికి ఇంకా ధైర్యం ఉంది. ఆపేస్తే సరి అనుకున్నాడు. ఆపే బటను లేని ప్యానెలు ఉంటుందా ఎక్కడైనా?

వెతికాడు. కుడిచేతి వైపు, కింద మూలన, పెద్ద గుండ్రటి ఎర్ర బటను! దేవుడు కనిపించినట్టయింది. రెండుసార్లు నొక్కాలి కదా, గట్టిగా రెండుసార్లు నొక్కాడు. మొదటి నొక్కుకి "సర్వసైన్యంతో దండయాత్ర. నిశ్చయమేనా?" అని వచ్చింది. అది చదివే లోపే రెండో నొక్కు పడిపోయింది.

మిగిలిన మూడు లక్షల ఇరవై వేల మందీ బయలుదేరారు. కాల్బలం, విలుకాళ్ళు, గోడలు బద్దలుకొట్టే బండ్లు, ఆరేళ్ళు బావ ఒక్కొక్కటీ పోగుచేసినదంతా, అత్తారింటి నుంచి పుట్టింటి మీదకి. ఆ పుట్టిల్లు ఎవరిదనుకున్నారు? తన అక్కది. తనది కూడా.

ఈలోగా ఉత్తరాల మీద ఎర్రచుక్క వెలిగింది. బావ ఆ ఆటలో ఒక కూటమికి దళపతి. నలభై ఊళ్ళ కూటమి. అక్క అందులో చేరలేదు. ఆవిడ బతికినన్నాళ్ళూ ఏ సంఘంలోనూ చేరలేదు. ఉపదళపతి పేరు చండశాసనుడు. అసలు మనిషి ఎవరో, ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు.

"దళపతీ! ఇదేంటి, మీ ఆవిడగారి ఊరి మీదకే దండెత్తారా?" అని రాశాడు చండశాసనుడు.

చుక్క ఆరాలంటే జవాబివ్వాలి. బావమరిది అలవాటైన ముక్క కొట్టాడు. "గమనించాను."

"ఏదో పెద్ద కారణమే ఉంటుంది. మేమూ రావాలా?"

"గమనించాను."

"అంటే రమ్మనే కదా?"

"గమనించాను."

"చిత్తం దళపతీ" అన్నాడు చండశాసనుడు. పటం మీద ఇంకో ఎనిమిది ఊళ్ళ నుంచి ఎనిమిది ఎర్రగీతలు బయలుదేరాయి. వాళ్ళంతా దూరపు ఊళ్ళవాళ్ళు, చేరడానికి ఇంకాస్త సమయం పడుతుంది. అందుకైనా సంతోషించాలి.

మిగిలిన దారి ఒక్కటే. అక్క ఊరు తెరిచి, షీల్డు గడువు ముగియకముందే మళ్ళీ వెయ్యాలి. మూలనున్న బావ బొమ్మ నొక్కాడు. అక్క బొమ్మ వచ్చింది. పెళ్ళినాటి ఫోటో. దాన్ని నొక్కితే, "కొత్త చోటు నుంచి తెరుస్తున్నారు. మీ ఫోనుకి పంపిన అంకెలు కొట్టండి" అంది. ఇంట్లో అయితే అడిగేది కాదు. ఆసుపత్రి నెట్టుకి బావ ఎవరో తెలియదు కదా. ఫోను బావ బట్టల మూటలో ఉంది. మూట నర్సు బల్ల వెనక బీరువాలో ఉంది.

పరుగెత్తాడు. "సిస్టర్! మా బావ ఫోను అర్జెంటుగా కావాలి!"

"ఏమైందండీ? ఎవరికైనా చెప్పాలా?"

"మా అక్క ఊరి మీదకి సైన్యం వెళ్తోందమ్మా! ఇంకో పదిహేను నిమిషాలే ఉంది!"

నర్సు అతని మొహం చూసింది. మొహం నిండా చెమటలు. "మీ అక్కగారు ఎక్కడుంటారు?"

"మూడేళ్ళ కిందట పోయింది."

"ఇలా కూర్చోండి" అంది నర్సు మెల్లగా. బీపీ పట్టీ తీసి జబ్బకి చుట్టింది. అతను లేవబోతే భుజం పట్టి కూలేసింది. నూట ఎనభై అయిదు వచ్చింది. నాలిక కింద మాత్ర పెట్టింది. నాలిక కింద మాత్ర ఉన్నవాడు వాదించలేడు.

ఆ స్థితిలో మేనకోడలు వచ్చింది. షాపు ఏప్రనుతోనే వచ్చింది. మావయ్యకి బీపీ చూస్తున్న నర్సుని చూసి అక్కడే నిలబడిపోయింది.

"మావయ్యా, నాన్నకేమైంది?"

"నాన్న లోపల ఉన్నాడు, తలుపు తెరవలేదు" అన్నాడు మాత్రని బుగ్గలోకి నెట్టి. "అమ్మ ఊరు, అమ్మ ఊరు పోతోందే!" ట్యాబు చూపించాడు. మాట తడబడుతూనే మొత్తం కక్కేశాడు.

ఏడాది నుంచి ఆ ఆట పేరెత్తితే మండిపడే పిల్ల. 'పోతే పోనీ, పీడా వదిలింది' అంటుందని బావమరిది ఎదురుచూశాడు. ఆ పిల్ల తెరమీద పుట్టిల్లు అనే మాట చూసింది, దాని వైపు పాకుతున్న గీతలు చూసింది. మొహం పాలిపోయింది.

"నీకేమన్నా పిచ్చా మావయ్యా? అమ్మ ఇంటి మీదకి ఆర్మీని పంపుతావా? సిస్టర్, ఫోనివ్వండి! నేను కూతుర్ని!" అని బల్ల మీద చరిచింది.

కూతురు కాబట్టి ఫోను ఇచ్చింది నర్సు. పది దాటి ఇరవై ఏడు. ఫోను తాళం వేసి ఉంది. వేలిముద్ర అడిగింది.

"నెంబరు ఏం పెట్టుకున్నాడో తెలుసా?"

"నెంబర్లు గుర్తుండవని వేలే పెట్టుకున్నాడు. కుడి బొటనవేలు."

వేలు థియేటరు లోపల ఉంది. ఇద్దరూ ఆ తలుపు వైపు చూశారు. తర్వాత ఇద్దరూ నర్సు వైపు చూశారు. మేనకోడలే అడిగింది. "సిస్టర్, మిమ్మల్ని బతిమాలుకుంటాను. ఫోను లోపలికి తీసుకెళ్ళి నాన్న బొటనవేలు ఒక్కసారి ఆనించి తెస్తారా? ఒక్క సెకను. ఆయనకి తెలియను కూడా తెలియదు."

వరండాలో మాటలన్నీ ఆగిపోయాయి. తనలో తను గొణుక్కుంటున్న ముసలాయన కూడా గొణుగుడు ఆపేశాడు.

"స్పృహలో లేని మనిషి వేలిముద్రా!" అన్నాడాయన అందరికీ వినపడేలా. "పొట్ట కోసి బల్ల మీద పడుకోబెడితే వేలిముద్ర కోసం వచ్చారమ్మా! కూతురొకటి, బావమరిది ఒకడు! ఇల్లు రాయించుకోవడానికి ఇంకో రోజు దొరకలేదూ?"

"అయ్యో పెద్దాయనా, ఇల్లు కాదండీ, పుట్టిల్లు!" అన్నాడు బావమరిది.

"విన్నారా! వాడే ఒప్పుకుంటున్నాడు!" అన్నాడు ముసలాయన.

వరండా అంతా లేచింది. ఒకావిడ మేనకోడలిని మొహం మీదే శాపనార్థాలు పెట్టింది. నర్సు పెద్దనర్సుని పిలిచింది, పెద్దనర్సు సెక్యూరిటీని పిలిచింది. సెక్యూరిటీవాడు మంచి కండ పట్టిన మనిషి. ఇద్దరినీ రెక్కలు పట్టుకుని నడిపించి, మెట్ల పక్కన బకెట్లూ చీపుళ్ళూ పెట్టే గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఫోను పెద్దనర్సు స్వాధీనం చేసుకుంది. ట్యాబు మాత్రం మేనకోడలి ఏప్రను జేబులో ఉండిపోయింది.

పదిన్నర అయింది. పుట్టింటి చుట్టూ ఉన్న నీలం వెలుగు ఒక్కసారి రెపరెపలాడి పోయింది. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు, చేసేదేమీ లేదు.

"అమ్మ ఊరు తీసెయ్యమన్నది నేనే మావయ్యా" అంది మేనకోడలు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. "ఏడాదిగా నేను కోరుకున్నది ఇదేగా. ఇప్పుడేమో కళ్ళతో చూడలేకపోతున్నా."

"లేచాక ఆయనకేం చెప్పనే? రెండంటే రెండు నొక్కుళ్ళు అప్పజెప్పాడు. లేవకపోతే మరీ ఘోరం. ఆఖరి కోరిక అది." బావమరిది ఏడ్చాడు. సెక్యూరిటీవాడు అటు తిరిగి నిలబడ్డాడు.

పదీ ముప్పై అయిదుకి గుర్రాలు పుట్టింటి గోడని తాకాయి. తెరంతా పొగ కమ్మింది. వెనకాలే మూడు లక్షల ఇరవై వేల మందీ చేరారు. పొగలో కత్తులు మెరిశాయి, డప్పులు మోగాయి. మేనకోడలు కళ్ళు మూసుకుంది. బావమరిది మూసుకోలేదు, ప్యానెలు మీంచి చూపు తిప్పే అలవాటు అతనికి లేదు.

పొగ విడిపోయింది. పుట్టిల్లు నిలబడి ఉంది. ఒక పెంకు కూడా ఊడలేదు. బావ సైన్యం ఎక్కడా కనిపించలేదు.

కాసేపటికి ఉత్తరాల మీద ఎర్రచుక్క వెలిగింది. యుద్ధఫలితం. వెళ్ళినవాళ్ళు మూడు లక్షల నలభై వేలు, తిరిగొచ్చినవాళ్ళు సున్నా. కింద ఒక వాక్యం ఉంది. ఊరు గలవాళ్ళు అలాంటిది ముందే రాసి పెట్టుకోవచ్చు, ఓడిపోయి పోయేవాడికి కనపడేలా. అక్క రాసి పెట్టుకుంది. "చెప్పులు బయట విప్పి రమ్మని ఎన్నిసార్లు చెప్పాలి?"

మేనకోడలు ఆ ముక్క రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేకపోయింది.

పదకొండు గంటల లోపు ఆ ఎనిమిది ఊళ్ళ సైన్యాలూ ఒక్కొక్కటే చేరాయి, ఒక్కొక్కటే తుడిచిపెట్టుకుపోయాయి. చండశాసనుడి ఉత్తరం వచ్చింది. "దళపతీ, మొత్తం పోయింది. అది అలా ఉంచండి, ఈ చెప్పుల సంగతేంటి?"

బావమరిది వేలు పైకి లేచింది. మేనకోడలు ఆ వేలు పట్టుకుని కిందికి దించింది.

ఒంటిగంటకి డాక్టరు మెట్ల గదికే వచ్చాడు. "గడ్డ తీశాం. ముక్క పరీక్షకి పంపాం. వారం దాకా ఏమీ తెలియదు. ఇప్పుడే సంబరపడొద్దు, ఏడవొద్దు. అన్నట్టు, వేలిముద్ర గొడవేంటి? సిగ్గుండాలి మీకు" అని వెళ్ళిపోయాడు.

మూడింటికి లోపలికి రానిచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ కాగితాలు లేవని పెద్దనర్సు తడిమి చూసింది. ట్యాబుని కాగితం కింద జమకట్టలేదు. ఎందుకైనా మంచిదని మంచం పక్కనే నిలబడింది.

బావ కళ్ళు సగం తెరిచాడు. కూతురు కనిపించింది. ఆయనకి నమ్మకం కలగలేదు. చూపు బావమరిది వైపు తిప్పాడు. "నొక్కావట్రా?" అన్నాడు పొడిబారిన గొంతుతో.

కూతురే చెప్పింది. "నాన్నా, మావయ్య నీ ఆర్మీని మొత్తం అమ్మ మీదకి పంపాడు."

బావ మొహం బిగుసుకుపోయింది. పక్కనున్న మిషను గబగబా కూసింది. పెద్దనర్సు ముందుకు అడుగేసింది.

"ఊరు...?"

"ఊరికేమీ కాలేదు. నీవాళ్ళే ఒక్కడూ తిరిగిరాలేదు. అమ్మ చంపేసింది." కింద రాసిన ముక్క చదివి వినిపించింది.

బావకి నవ్వొచ్చింది, కుట్లు లాగాయి, అబ్బా అన్నాడు, మళ్ళీ నవ్వాడు. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "దానికి అంత సైన్యం ఎక్కడిదే? నేను షీల్డు తప్ప ఏమీ ముట్టుకోలేదే."

"తెరిస్తేగా తెలిసేది" అంది కూతురు. పొద్దున బొటనవేలి కోసం జరిగిన గొడవ కూడా చెప్పింది.

బావ కుడిచెయ్యి కొంచెం పైకెత్తి, బొటనవేలు పెద్దనర్సు వైపు చాపాడు. "పొద్దున వీళ్ళకి ఇదే కావాల్సొచ్చిందటగా సిస్టర్. ఆ ఫోను ఇలా ఇవ్వండి. నేను మెలకువగానే ఉన్నాను, సాక్షి మీరే."

పుట్టిల్లు తెరుచుకుంది. కూతురు ముందు షీల్డు నొక్కింది, 'సరే' నొక్కింది. తర్వాత సైనికశాల తలుపు తీసింది. అక్కడ అక్క రాసి పెట్టిన ఆదేశం ఒకటుంది. ఈ ఊరు తెరిచిన ప్రతిరోజూ వెయ్యిమందిని తయారుచెయ్యాలి, పండిన గింజంతా వాళ్ళకే పెట్టాలి. కింద తేదీ ఉంది. ఆవిడ ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్ళిన వారం అది. తెరవని రోజు ఆదేశం పనిచెయ్యదు. బావ తెరవని రోజు లేదు. మూడేళ్ళు, పదకొండు లక్షల మంది. షీల్డు కింద ఉన్నారు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

"ఇన్నాళ్ళూ నేను దాన్ని కాపలా కాస్తున్నాననుకున్నానురా" అన్నాడు బావ. "అదేమో నా చేత్తోనే సైన్యాన్ని పెంచుకుంటూ కూర్చుంది."

"ముప్పై ఏళ్ళూ అంతేగా బావా" అన్నాడు బావమరిది. ఉదయం నుంచి అతను మాట్లాడిన మొదటి తెలివైన మాట అదే.

బావ కూతురి వైపు తిరిగాడు. "నువ్వు ఆపెయ్యమన్నావు. వారం తర్వాత ఏం చెబుతారో ఏమో. ఆపేద్దామా?"

"ఆపడమేంటి? గెలిచినావిడని పట్టుకుని!" అంది ఆ పిల్ల. ముక్కు ఏప్రనుతో తుడుచుకుంది. "వారం తర్వాత వాళ్ళేం చెప్పినా సరే, రోజూ పొద్దున్నే నేను తెరుస్తాను. నీకు బాగుంటే నువ్వు పక్కన కూర్చో."

బావ ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. పెద్దనర్సు ఫోను బల్ల మీద పెట్టి, ఏమీ విననట్టు సెలైను సరిచేసి వెళ్ళిపోయింది.

ట్యాబు మంచం అంచున తెరిచే ఉంది. మూడేళ్ళుగా ఎవరూ ముట్టని పుట్టింట్లో పెట్టె మీద, పొలం మీద, గిడ్డంగి మీద, బావి మీద, ప్రతి గడప మీదా ఎర్రచుక్కలు వెలుగుతున్నాయి.

బావమరిది రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.